పేషెంట్ నోటి ఇంగ్లిష్, నా ఫోన్‌లో పాఠాలు

విదేశాల్లో పనికి వెళ్ళాలనుకునే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ. దానికి ప్రిపేర్ అవుతున్న మన సిస్టర్స్ నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే. “అక్కా, గ్రామర్ బాగానే వచ్చు, మెడికల్ పదాలన్నీ వచ్చు, మరి లిజనింగ్‌లో మార్కులు ఎందుకు పోతున్నాయి?” ఒక్కొక్కరికీ విడిగా వాయిస్ మెసేజ్ పెట్టే బదులు, అంతా ఒకచోట రాసేస్తే పనికొస్తుందని ఈ పోస్టు. పేషెంట్ల మాటల్లో వచ్చే ఫ్రేజల్ వెర్బ్స్ గురించీ, వాటిని వీడియోలతో నేర్చుకోవడం గురించీ.

నేను గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివాను. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో కొన్నేళ్ళు పనిచేసి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లో, వృద్ధుల వార్డులో చేస్తున్నాను. రెండు చోట్లా ఒకటే గమనించాను. జబ్బు పడ్డ మనిషి పుస్తకం భాషలో మాట్లాడడు.

మన దగ్గర పెద్దాయన వచ్చి “నాకు వర్టిగోగా ఉంది” అంటాడా? “కళ్ళు తిరుగుతున్నాయి తల్లీ” అంటాడు. నడుం పట్టేసిందంటాడు, కాళ్ళు లాగేస్తున్నాయంటాడు, కడుపులో దేవుతోందంటాడు, పుండు సలుపుతోందంటాడు. ఇవేవీ మనం పరీక్షలకు చదివిన పుస్తకాల్లో లేవు. అయినా ఇట్టే అర్థమవుతాయి, ఇంట్లో అమ్మమ్మ నోట విన్నాం కాబట్టి. ఇంగ్లండ్ పేషెంటూ అంతే. వాంతి అయితే “ఐ త్రూ అప్” అంటుంది. “ఐ బ్రాట్ అప్ మై డిన్నర్” అంటుంది. స్పృహ తప్పితే “పాస్డ్ అవుట్”, మళ్ళీ తెలివొస్తే “కేమ్ రౌండ్”. ఒళ్ళంతా దద్దుర్లు లేస్తే “కేమ్ అవుట్ ఇన్ ఎ రాష్”. అన్నం సయించకపోతే “ఐ హావ్ గాన్ ఆఫ్ మై ఫుడ్”. కీళ్ళ నొప్పి తిరగబెడితే “ఫ్లేర్డ్ అప్”, ఇన్ఫెక్షన్ తగ్గిపోతే “క్లియర్డ్ అప్”.

వీటినే ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. చిన్న క్రియ, పక్కన అప్, ఆఫ్, అవుట్ లాంటి ఇంకో చిన్న మాట. రెండూ విడివిడిగా ఆరో క్లాసు పిల్లలకీ తెలుసు. కలిస్తే వచ్చే అర్థం మాత్రం చాలాసార్లు ఆ రెంటిలోనూ దొరకదు. ఇది మన ఒక్కరి ఇబ్బందే అనుకోవద్దు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లిష్ నిఘంటువు ముందుమాటలోనే, పరాయి భాషల వాళ్ళకు అన్నింటికంటే కష్టమయ్యేది ఇదేనని రాశాడు.

ఓఈటీ లిజనింగ్‌లో పార్ట్ ఏ ఉంటుంది కదా, అందులో వినిపించేది పేషెంటు, హెల్త్ ప్రొఫెషనల్ మాట్లాడుకునే మాటలే. రెండు కన్సల్టేషన్లు, మొత్తం 24 ఖాళీలు, ఆడియో ఒక్కసారే వస్తుంది. అక్కడ పేషెంటు “ఇట్ కమ్స్ ఆన్ ఎట్ నైట్” అంటే నొప్పి రాత్రిపూట మొదలవుతోందని ఆ క్షణంలోనే తెలియాలి. ఆలోచిస్తూ కూర్చుంటే తర్వాతి రెండు ఖాళీలు కూడా పోతాయి. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే అని నా నమ్మకం.

ఇక వీడియోల సంగతి. నేను మొదలుపెట్టింది తెలుగులో చెప్పే స్పోకెన్ ఇంగ్లిష్ ఛానళ్ళతో. వాటి మేలు నేను మర్చిపోను. క్లాసులో నోరు విప్పని అమ్మాయికి కూడా “మనకూ వస్తుంది” అనే ధైర్యం ఇచ్చేది అవే. కానీ ఫ్రేజల్ వెర్బ్స్‌కి వచ్చేసరికి చాలా వీడియోలు ఒకటే పద్ధతి: “గెట్”తో వచ్చేవన్నీ ఒక వీడియోలో, “టేక్”తో వచ్చేవన్నీ ఇంకో వీడియోలో, అరగంటలో యాభై. గెట్ ఓవర్, గెట్ బై, గెట్ ఆన్, గెట్ త్రూ, గెట్ అవే విత్. నోట్సులో రాసుకుంటే పేజీ అందంగా కనిపిస్తుంది. మర్నాడు ఉదయం చూస్తే ఏది ఏదో కలగాపులగం అయిపోతుంది. ఒకే మొహం ఉన్నవాటిని ఒకే రోజు పరిచయం చేస్తే మనసు వేరు చేసుకోలేదు. ఈ పద్ధతి వదిలెయ్యమని గట్టిగా చెబుతాను.

అన్నీ రావాల్సిన అవసరం కూడా లేదు. ఇంగ్లిష్‌లో ఫ్రేజల్ వెర్బ్స్ వేలల్లో ఉన్నాయి. 2015లో నాటింగ్‌హామ్ యూనివర్సిటీకి చెందిన ఇద్దరు పరిశోధకులు, ఎక్కువగా వాడుకలో ఉన్న 150 ఫ్రేజల్ వెర్బ్స్‌ని తీసుకుని, ఒక్కోదానికి జనం ఎక్కువగా వాడే అర్థాలు మాత్రమే ఏరి ఒక జాబితా ప్రచురించారు. అర్థాలన్నీ కలిపితే 288. ఒక వీడియో పాఠంలో టీచర్ ఈ జాబితా గురించి చెప్పినప్పుడు నాకు సగం టెన్షన్ దిగిపోయింది. అంతులేదనుకున్న దానికి ఒక గట్టు కనిపించింది.

ఆ తర్వాత నేను వీడియోలను సందర్భాన్ని బట్టి వెతకడం మొదలుపెట్టాను. “డాక్టర్ దగ్గర”, “ఆసుపత్రిలో”, “ఫోన్‌లో అపాయింట్‌మెంట్”. ఒక సంభాషణలో నాలుగైదు ఫ్రేజల్ వెర్బ్స్ వస్తే, ఆ నాలుగైదూ ఒకదానికొకటి సంబంధం లేని మొహాలతో ఉంటాయి, కానీ కథ ఒకటే. త్రో అప్, పాస్ అవుట్, కమ్ రౌండ్: ఒకావిడకు వాంతి అయింది, కళ్ళు తిరిగి పడిపోయింది, కాసేపటికి తెలివొచ్చింది. ఇది మర్చిపోవడానికి లేదు. బీబీసీ వాళ్ళు 1943 నుంచీ రేడియోలో ఇంగ్లిష్ నేర్పుతున్నారు, ఇప్పుడు అదే పని బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ పేరుతో యూట్యూబ్‌లో కూడా చేస్తున్నారు. అందులో చిన్న చిన్న సంభాషణలతో వచ్చే ఎపిసోడ్లు నాకు బాగా పనికొచ్చాయి. నైట్ డ్యూటీ దిగి బస్సెక్కితే ఇల్లు చేరేలోగా ఒకటి పూర్తయ్యేది. ఓఈటీ వాళ్ళ సొంత ఛానల్‌లో నమూనా రోల్‌ప్లేలు, అంటే ఒకరు పేషెంటుగా, ఒకరు నర్సుగా మాట్లాడేవి, ఉంటాయి. స్పీకింగ్‌కి అవి తప్పకుండా చూడండి.

పుస్తకం ఇవ్వలేనిది వీడియో ఇచ్చేది ఒకటుంది, అది శబ్దం. పుస్తకంలో “వోర్న్ ఆఫ్” అని రెండు మాటలు విడివిడిగా కనిపిస్తాయి. మనిషి నోట వచ్చేసరికి “వోర్నాఫ్” అనే ఒకే మాట. “బ్రింగ్ ఇట్ అప్” కాస్తా “బ్రింగిటప్”. “పాస్డ్ అవుట్” అయితే “పాస్టౌట్”. కంటితో నేర్చుకున్నవాళ్ళకు ఇవి కొత్త పదాల్లా వినిపిస్తాయి. యార్క్‌షైర్ వచ్చిన కొత్తలో ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని “ఇట్స్ వోర్నాఫ్, లవ్” అంది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన మనిషి. నొప్పి మందు ప్రభావం దిగిపోయిందని ఆవిడ చెబుతోంది. వెంటనే డ్రగ్ చార్ట్ తీసి ముందు డోసు టైము చూశాను. ఆ మూడు మాటలు చెవికి అందకపోతే ఆవిడ ఇంకో అరగంట పళ్ళ బిగువున ఓర్చుకునేది. నొప్పి ఉన్నవాళ్ళు మనకోసం ఇంగ్లిష్‌ని తేలిక చేసి రెండోసారి చెప్పరు, చెప్పే ఓపిక ఉండదు.

అందుకే నేను మొదటిసారి క్యాప్షన్స్ లేకుండా వింటాను. అర్థం కాని చోట పది సెకన్లు వెనక్కి, మళ్ళీ వెనక్కి. అప్పటికీ దొరక్కపోతేనే క్యాప్షన్స్ ఆన్ చేస్తాను. స్పీడు 0.75కి తగ్గించమని చాలామంది సలహా ఇస్తారు. నాకు అది నచ్చదు. సాగదీసిన శబ్దానికి చెవి అలవాటుపడితే, అసలు మనిషి అసలు వేగంతో మాట్లాడినప్పుడు మళ్ళీ మొదటికొస్తుంది. మామూలు వేగంతోనే పదిసార్లు వినండి. తర్వాత వాళ్ళతో పాటే పైకి అనండి. విజయవాడలో ఉన్నప్పుడు వంటింట్లో పోపుల డబ్బాకి ఫోన్ ఆనించి, కూర తిప్పుతూ “టేక్ ఇట్ ఆఫ్, పుట్ ఇట్ ఆన్, టర్న్ ఇట్ డౌన్” అంటూ ఉండేదాన్ని. మా బాబుకి అప్పుడు నాలుగేళ్ళు. కుక్కర్ విజిల్ వేస్తే చాలు, “టర్నిటాఫ్!” అని అరిచేవాడు. ఎవరూ నేర్పలేదు వాడికి, చెవిన పడింది అంతే. మా అత్తయ్య కూడా ఆ ఒక్కమాటా పట్టేసింది.

ఆ “ఇట్” ఎక్కడుందో చూశారా? మధ్యలో. చేతి నరానికి పెట్టే సన్నని గొట్టం క్యాన్యులానే తీసుకోండి. “టేక్ అవుట్ ద క్యాన్యులా” అనొచ్చు, “టేక్ ద క్యాన్యులా అవుట్” అనొచ్చు. కానీ ఇట్, దెమ్, హర్ లాంటివి వస్తే మధ్యలోనే పెట్టాలి: “టేక్ ఇట్ అవుట్”. “టేక్ అవుట్ ఇట్” అంటే వాళ్ళ చెవికి గుచ్చుకుంటుంది. లుక్ ఆఫ్టర్ లాంటివి మాత్రం విడదీయకూడదు, “లుక్ ఆఫ్టర్ హర్” అనే అనాలి. ఈ రూలు చదివి గుర్తుపెట్టుకోవడం కష్టం. పైకి అంటూ ఉంటే నాలుకే నేర్చుకుంటుంది. ఊనిక కూడా అంతే. షిఫ్టు మారేటప్పుడు ఇచ్చే “హ్యాండోవర్”లో ఒత్తు మొదటి అక్షరం మీద పడుతుంది. అదే “ఐ విల్ హ్యాండ్ ఓవర్ టు యూ” అన్నప్పుడు ఒత్తు “ఓవర్” మీదికి జరుగుతుంది. వీడియోలో వింటే ఒక్క క్షణంలో తెలిసే విషయం ఇది.

“ఆఫ్” గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, వార్డులో దీనంత తిరకాసు మాట లేదు. లైటు “టర్న్ ఆఫ్” చేస్తే ఆరిపోతుంది. నరంలోకి మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంప్ “గోయింగ్ ఆఫ్” అంటే ఆగిపోవడం కాదు, అలారం మోగుతోందని! పాలు “గాన్ ఆఫ్” అంటే విరిగిపోయాయని. పేషెంటు “గాన్ ఆఫ్ హర్ ఫుడ్” అంటే తిండి సయించట్లేదని. డ్రెస్సింగ్ “కమ్ ఆఫ్” అయిందంటే ఊడిపోయిందని. “షి హాస్ కమ్ ఆఫ్ హర్ స్టెరాయిడ్స్” అంటే ఆవిడ స్టెరాయిడ్లు మానేసిందని. ఎక్కువకాలం వాడిన స్టెరాయిడ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఎంత ప్రమాదమో మీకు తెలుసు. అందుకే ఈ వాక్యం వినగానే డాక్టరుకి చెప్పాలి.

ఒకే మాటకి ఇన్ని అర్థాలేమిటని విసుక్కునే చెల్లెళ్ళకి నేను మన “పోవు”ని చూపిస్తాను. కరెంటు పోయింది. పాలు విరిగిపోయాయి. పిల్లాడు నిద్రపోయాడు. నాకు నిద్ర పోయింది. చివరి రెండూ పూర్తిగా ఎదురు అర్థాలు, అయినా మనలో ఎవరైనా తడబడతామా? “పట్టించుకో” అన్న మాటని పట్టు, ఇంచు, కొను అని విడదీసి ఎవరు నేర్చుకున్నారు? “ఈట్ ఇట్ అప్”, “డ్రింక్ ఇట్ అప్” అంటే తినెయ్, తాగెయ్. మన “ఎయ్” చేసే పనే అక్కడ “అప్” చేస్తోంది. ఇంత సూక్ష్మమైన భాషని పాలు తాగే వయసు నుంచీ మాట్లాడుతున్నవాళ్ళం. ఇంకొకటి రాదనుకోవడానికి కారణం లేదు.

“పాస్” విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. పాస్ అవుట్ అంటే స్పృహ తప్పడం, పాస్ అవే అంటే చనిపోవడం. ఫోన్‌లో బంధువులతో మాట్లాడేటప్పుడు ఆ చిన్న మాట తేడా ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు. “పాస్ ఆన్” అంటే కబురు అందించడం కావచ్చు, జబ్బు ఇంకొకరికి అంటించడం కావచ్చు, చనిపోవడమూ కావచ్చు. మన దగ్గర “2014లో పాస్డ్ అవుట్” అంటే కోర్సు పూర్తయిందని. బ్రిటన్‌లోనూ సైనికుల శిక్షణ ముగిసినప్పుడు జరిగేది పాసింగ్ అవుట్ పరేడే, కాబట్టి మన వాడుక గాల్లోంచి పుట్టింది కాదు. కానీ ఇక్కడి వార్డులో ఆ మాట వింటే పేషెంటు పడిపోయాడనే అర్థం చేసుకోండి, ఇంటర్వ్యూలో మీ చదువు గురించి చెప్పేటప్పుడు “గ్రాడ్యుయేటెడ్” అనండి.

రైటింగ్‌లో మాత్రం ఇదంతా తిరగబడుతుంది. అక్కడ మీరు రాసేది ఇంకో నర్సుకో డాక్టరుకో లెటరు. పేషెంటు “త్రూ అప్” అన్నా మీరు “వామిటెడ్” అనే రాయాలి, భరించడానికి “పుట్ అప్ విత్” కాదు “టాలరేట్”. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్‌కి లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో బి గ్రేడు, రైటింగ్‌లో సి ప్లస్ కావాలి. చెవికి ఒక ఇంగ్లిష్, పెన్నుకి ఒక ఇంగ్లిష్. స్పీకింగ్ రోల్‌ప్లేలో మళ్ళీ మొదటిదే: “కుడ్ యూ కట్ డౌన్ ఆన్ సాల్ట్?” (ఉప్పు కాస్త తగ్గిస్తారా?) అని అడిగితే ఎదుటి మనిషి ముఖం విప్పారుతుంది.

భీమవరంలో ఉన్న మా పిన్ని కూతురు ఇప్పుడు ప్రిపేర్ అవుతోంది. ఆదివారాలు వీడియో కాల్‌లో నేను పేషెంటుని, తను నర్సు. సన్నివేశం రాసి ఉండే ఒక్కో రోల్‌ప్లే కార్డుకి అయిదు నిమిషాలు, టైమర్ పెట్టుకుని. ఈ వారం కార్డు షుగర్ పేషెంటు, కాలి పుండు మానట్లేదు, ఇంటికి పంపమని గొడవ. “ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ ఎనీ మోర్” అంటాను నేను. మీలో ఎవరికైనా జోడీ దొరక్కపోతే చెప్పండి, ఇదే పరీక్షకి చదువుతున్న ఇద్దరిద్దరిని కలిపే పని నేను చేస్తాను.