నీళ్లు వేర్లను పీల్చుకున్న జవాబు

2021–22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియమే అన్నారు. తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో నేను బాటనీ చెప్తాను. ఆ ఏడు ఫస్టియర్‌లో చేరినవాళ్లలో చాలామంది ఇంటర్ దాకా తెలుగులో చదివినవాళ్లు. పుంగనూరు, పలమనేరు, శ్రీకాళహస్తి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు. సత్యవేడు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయిది ఇంట్లో తమిళం, బళ్లో తెలుగు. ఆమెకైతే ఇంగ్లీషు మూడో భాష.

మొదటి ఇంటర్నల్ పేపర్లు దిద్దుతూ పలమనేరు అబ్బాయి జవాబు దగ్గర ఆగిపోయాను. వేరు అడ్డుకోత బొమ్మ ఎంత పొందికగా వేశాడో! మూలకేశాలు, వల్కలం, అంతశ్చర్మం, మధ్యలో నీళ్లు పైకి మోసే దారువు, ఏదీ వదల్లేదు. బొమ్మ కింద మాత్రం ఒకే ఒక్క వాక్యం: ‘వాటర్ ఈజ్ అబ్జార్బ్ ద రూట్స్’. చదివితే నీళ్లే వేర్లను పీల్చుకుంటున్నట్టుంది. మార్కు కొట్టేయబోయి, ఎందుకో మనసొప్పక పిలిపించాను.

“వేర్లు ఏం చేస్తాయి నాయనా?”

“నీళ్లు పీలుస్తాయి మేడం. మట్టిలో నీళ్లు ఎక్కువ, మూలకేశం కణంలో తక్కువ. అందుకే ద్రవాభిసరణతో లోపలికొస్తాది.”

“మరి ఇక్కడ ఇట్ల రాసినావే?”

“అదే కదా మేడం రాసింది!”

నిజంగానే అదే రాశానని అనుకుంటున్నాడు. రెండు రోజులు ఆ వాక్యం నన్ను వదల్లేదు. ‘వేర్లు నీటిని పీల్చుకుంటాయి’ అన్నా, ‘నీటిని వేర్లు పీల్చుకుంటాయి’ అన్నా మనకు ఒకటే. ఆ చిన్న ‘ని’ ఉన్నంతవరకు మాటలు ఎటు జరిగినా ఎవరు ఎవరిని పీలుస్తున్నారో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ ‘ని’ లేదు. ఏ మాట ముందు, ఏ మాట వెనక అన్నదే అర్థం. దానికి తోడు సైన్సు పుస్తకాలు నిండా కర్మణి వాక్యాలే. ‘వేర్లచేత నీరు పీల్చబడుతుంది’ అని మన ఇళ్లలో ఎవరం అంటాం? పిల్లవాడికి బాటనీ వచ్చు. రానిది ఆ వాక్యం కట్టు.

ఇది గ్రహించాక కూడా నేను తప్పుదోవే పట్టాను. పాఠమంతా తెలుగులో చెప్పేసి, చివరి పది నిమిషాలు ఇంగ్లీషులో నోట్సు చెప్పి రాయించాను. క్లాసులో అందరి ముఖాలూ కళకళలాడేవి. పరీక్షలో ఆ నోట్సు బట్టీకొట్టి దింపారు. నడుమ ఒక్క మాట మరిచిపోయినవాడి జవాబు అక్కడే తెగిపోయింది. ఒక సెమిస్టర్ అట్లా పోయింది. ఆ నష్టం పడింది పిల్లలు, నేను కాదు. తలచుకుంటే ఇప్పటికీ బాధే.

రెండో సెమిస్టర్ మొదటి వారం పాఠ్యపుస్తకంలోంచి ఒక పేజీ జిరాక్స్ తీయించి ఇచ్చాను. తెలియని మాట ప్రతిదాని కిందా గీత గీయండి, పేరు రాయొద్దు అన్నాను. జైలమ్, ఫ్లోయమ్, పారెంకైమా కింద గీతలుంటాయనుకున్నాను. దాదాపు ఎవరూ గీయలేదు. దారువుకు ఇంకో పేరు జైలమ్, అంతే కదా! గీతలున్నవి ‘వేరాజ్’ (‘అదే ఇంకోదానిలోనైతే’ అని తేడా చెప్పే మాట), ‘దేర్‌బై’, ‘రెస్పెక్టివ్‌లీ’, ‘గివ్స్ రైజ్ టు’ లాంటి మాటల కింద. ప్రశ్నపత్రం ఇస్తే ‘డిఫరెన్షియేట్’, ‘జస్టిఫై’, ‘అకౌంట్ ఫర్’ కింద. ప్రశ్న ఏం అడుగుతోందో తెలియక ఖాళీ కాగితాలు ఇచ్చారన్నమాట. బాటనీ మాటలు కావు కాబట్టి ఇవి నేను చెప్పను. ఇంగ్లీషు క్లాసులో ఈ సైన్సు పేజీ రాదు. రెండు క్లాసుల మధ్య సందులో పడిపోయాయి.

మా ఇంగ్లీషు లెక్చరర్‌కి ఆ కాగితాలు చూపిస్తే, కెనడాలో జిమ్ కమిన్స్ అనే ఆయన 1979లోనే దీని గురించి రాశారని చెప్పారు. కొత్త భాషలో నలుగురితో మాట్లాడే పాటి నేర్పు రెండేళ్లలో వస్తుందట. అదే భాషలో చదువు సాగించే నేర్పుకు అయిదు నుంచి ఏడేళ్లు. మన పిల్లలకు చుట్టూ మాట్లాడే ఇంగ్లీషు కూడా లేదు, డిగ్రీయేమో మూడేళ్లు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. పాఠం అయ్యాక అయిదు నిమిషాలు ఇద్దరిద్దరు తెలుగులోనే ఒకరికొకరు చెప్పుకోవాలి. తర్వాత బోర్డు మీద సగం వాక్యాలు రాసి ఖాళీలు వదిలేదాన్ని: ‘డాష్ కన్సిస్ట్స్ ఆఫ్ డాష్’, ‘డాష్ హ్యాజ్ డాష్, వేరాజ్ డాష్ హ్యాజ్ డాష్’. ఖాళీలు వాళ్లవి, కట్టు నాది. కొన్ని వారాలకు కట్టులోంచి ఒక్కో మాటే చెరిపేస్తూ వచ్చాను.

కర్మణి వాక్యానికి మనుషులనే నిలబెట్టాను. ఒకరి చేతిలో ‘వాటర్’ చీటీ, ఒకరి చేతిలో ‘రూట్స్’, మధ్యలో ‘ఈజ్ అబ్జార్బ్డ్ బై’. చోట్లు మార్చి చదివించాను. మూడోసారికి పలమనేరు అబ్బాయి లేచి, “మేడం, ‘బై’ వెనకాల ఉండేదే పని చేసేది” అన్నాడు. నేను చెప్పి ఉంటే అంత బాగా చెప్పలేకపోయేదాన్ని.

పెద్ద పేర్లంటే ఉన్న బెరుకు పోయింది మాత్రం కాలేజీ వెనక ఎర్రచందనం చెట్టు కింద. శేషాచలం కొండల చెట్టు, మన పిల్లలకు కొత్త కాదు. రాలిన కాయ ఒక్కొక్కరి చేతిలో పెట్టాను. నడుమ గింజ దగ్గర గట్టిగా, చుట్టూ అప్పడంలా పలచటి అంచు. టెరోకార్పస్ శాంటలైనస్ అనే శాస్త్రీయ నామంలో మొదటి మాటకు గ్రీకులో ‘రెక్క కాయ’ అని అర్థం. ఆ ‘కార్ప్’ ఇంకెక్కడుందో చెప్పమంటే ఎపికార్ప్, మీసోకార్ప్, ఎండోకార్ప్ అని తామే వెతుక్కున్నారు. మామిడి తోటలున్న ఇళ్ల పిల్లలు తోతాపురి తొక్క, కండ, టెంకతో ఆ మాటలను జత కలిపేశారు.

సత్యవేడు అమ్మాయి ఆ ఏడాదంతా క్లాసులో నోరు విప్పలేదు. బలవంతపెట్టలేదు, రాసి చూపించమనేదాన్ని. రెండో ఏడు సెమినార్‌లో ద్విదళబీజ, ఏకదళబీజ వేర్ల తేడా తనే చెప్తానంది. ఏకదళబీజ వేరులో దవ్వ పెద్దదిగా ఉంటుందని ఇంగ్లీషులో చెప్పి ఆగింది. తర్వాతి మాట తట్టలేదు. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అందించలేదు. “...వేరాజ్” అంది, మిగతా వాక్యం గబగబా చెప్పేసింది.

పలమనేరు అబ్బాయి ఆ ఏడు ఇంటర్నల్‌లో కూడా వేరు బొమ్మ వేశాడు. కింద ‘వాటర్ ఈజ్ అబ్జార్బ్డ్ బై ద రూట్ హెయిర్స్’ అని ఉంది. ‘బై’ పక్కన పెన్సిల్‌తో చిన్న బాణం గీసి, చెరిపిన గుర్తు.