కాంటూరు లేని ఊరి నుంచి అరకు దాకా

మా ఊరున్న టోపోషీట్‌లో, అంటే సర్వే ఆఫ్ ఇండియా వేసే స్థలాకృతి పటంలో, ఒకే ఎత్తున్న చోట్లని కలిపే కాంటూరు గీత ఒక్కటి కూడా కనిపించదు. 1:50,000 స్కేలు షీట్లలో 20 మీటర్ల ఎత్తుకో గీత గీస్తారు. కోనసీమలో మా ఊరు మొదటి గీత దాకా కూడా లేవదు. షీటు నిండా చేలు, కొబ్బరి తోటలు, కాలువలు, ఊళ్లు. మా పిల్లలకి ఎత్తంటే ఏటిగట్టే. అలాంటి పిల్లలకి డిగ్రీ జాగ్రఫీలో పదకొండేళ్లుగా ఒకటే పాఠం చెబుతున్నాను: గీతలు దగ్గరగా ఉంటే నిటారు వాలు, ఎడంగా ఉంటే మెల్లని వాలు. పరీక్షలో చక్కగా రాస్తారు. మార్కులూ వస్తాయి. కానీ గీతల్లో కొండ కనిపించిందా అని అడిగితే తల దించుకుంటారు. అది చూసి నాకు ఏటా బాధగానే ఉంటుంది. అందుకే ఈ నవంబరులో పద్దెనిమిది మందిని వెంటబెట్టుకుని అరకు బయలుదేరాను.

ప్రయాణం కంటే ముందు ప్రింట్ల దగ్గరే నీరసం వచ్చింది. సర్వే ఆఫ్ ఇండియా షీట్లు ఇప్పుడు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి, ఒకప్పటిలా ఉత్తరాలు రాసి నెలలు ఆగక్కర్లేదు. కానీ అరకు ఉన్న షీటు వేరు, బొర్రా ఉన్న షీటు వేరు. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఒకటి అయిపోయి ఇంకోటి మొదలవుతుంది. ఒక్కో షీటునీ ఏ3 ముక్కలుగా కలర్‌లో తీస్తే ముక్కకి 40 రూపాయలన్నాడు జిరాక్స్ షాపతను. పద్దెనిమిది మందికి అంటే అయ్యే పని కాదు. నా కోసం ఒక్క సెట్టు కలర్‌లో తీయించుకుని, పిల్లలకి నలుపు తెలుపులో ఇచ్చాను. అందులో కాంటూరూ వాగూ ఒకేలా ఉన్నాయి. రెండూ సన్నని వంకర గీతలే.

ఆ లోటే మాకు మేలు చేసింది. వైజాగ్‌లో రాత్రి దిగిన చోట పిల్లల్ని కూర్చోబెట్టి గోధుమ రంగు, నీలం రంగు పెన్సిళ్లు ఇచ్చి, ఏది కాంటూరో ఏది నీళ్లో తేల్చి రంగు వెయ్యమన్నాను. పది నిమిషాల పని అనుకున్నది రెండు గంటలు పట్టింది. ఒకమ్మాయి ఒక గీతకి సగం దాకా నీలం వేసి ఆగిపోయింది. "మేడం, ఇది పక్క గీతల్ని కోసుకుంటూ పోవట్లేదు, వాటితో పాటే తిరుగుతోంది. నీళ్లయితే కొయ్యాలి కదా" అంది. కాంటూరు కాంటూరుని దాటదని, వాగు మాత్రం అన్నిటినీ దాటుకుంటూ దిగుతుందని నేను బోర్డు మీద ఎన్నోసార్లు చెప్పాను. ఆ రాత్రి ఆ పిల్ల నోట వింటే కొత్తగా అనిపించింది.

పొద్దున్నే కిరండూల్ పాసింజరు. అద్దాల బోగీ టికెట్ ధర చూసి అందరం మామూలు బోగీలోనే సర్దుకున్నాం. కొత్తవలస దాటి, శృంగవరపుకోట దాటి బొడ్డవర దాకా పిల్లలు తినుబండారాల గొడవలో ఉన్నారు. ఘాట్ మొదలైంది. మొదటి సొరంగం వచ్చినప్పుడు అందరిలాగే వీళ్లూ కేకలు పెట్టారు. మూడో సొరంగం దాకా పెట్టనిచ్చాను. తర్వాత మ్యాపులు బయటికి తీయించాను.

మ్యాపులో రైలు గీత సొరంగంలోకి వెళ్లిన చోట చుక్కచుక్కలుగా మారుతుంది. ఆ చోట కాంటూర్లు ఎటు వంగాయో చూడండి అన్నాను. ప్రతిసారీ పల్లం వైపుకి ఉబ్బి ఉన్నాయి. అంటే కొండ ముందుకి పొడుచుకొచ్చింది, రైలు దాన్ని తొలుచుకుని పోయింది. వంతెన వచ్చిన చోట గీతలు ఎత్తు వైపుకి మొనదేలి ఉన్నాయి. అంటే అక్కడ గెడ్డ (కొండవాగు) ఉంది, రైలు దాటింది. నాలుగైదు సార్లు చూశాక కిటికీ దగ్గరున్న కుర్రాడు మ్యాపు మీద వేలు పెట్టి "ఇప్పుడు వంతెన, వెంటనే సొరంగం" అని ముందే చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పినట్టే కింద గెడ్డ కనిపించింది, ఆ వెంటనే చీకటి. బోగీలో ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా మా చుట్టూ చేరారు. విజయనగరం నుంచి మనవడితో వస్తున్న ఒక పెద్దాయన "ముప్ఫై ఏళ్లుగా ఈ బండెక్కుతున్నానమ్మా, ఈ సొరంగాలకో లెక్కుందని ఇవాళే తెలిసింది" అని మ్యాపు అడిగి తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశారు. లైను మొత్తం మీద సొరంగాలు 58 అంటారు. మా వాళ్ల లెక్క మధ్యలోనే తప్పింది.

చిమిడిపల్లి దగ్గర క్రాసింగ్ కోసం బండి ముప్పావుగంట ఆగింది. మామూలుగా అయితే విసుక్కునేదాన్ని. ఎదురుగా ఇనుప ఖనిజం గూడ్సు వచ్చింది. నల్లెరుపు రాయి నింపుకుని ఎంతకీ అయిపోని వ్యాగన్లు. ఈ లైను వేసిందే దాని కోసం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960ల్లో ఈ కొండల్ని తొలిచారు. మనం అరకు చూడ్డానికి ఎక్కే బండి ఆ ఖనిజం వేసిన దారిలో పోతోంది. ఈ సంగతి క్లాసులో చెబితే ఒక వాక్యం. కళ్ల ముందు వ్యాగన్లు కదులుతుంటే పిల్లలు కాసేపు మాట్లాడలేదు. శిమిలిగుడ స్టేషన్లో 996 మీటర్ల ఎత్తు అని రాసిన బోర్డు చూసి, మా ఊళ్లోంచి ఇక్కడికి ఎన్ని కాంటూర్లు ఎక్కామో లెక్కవేశారు. దాదాపు యాభై!

అరకులో మొదటి రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. శనివారం కావడంతో గది అద్దె మూడు వేలు చెప్పారు. బతిమాలితే రెండున్నరకి దిగారు, వేడినీళ్లకి మళ్లీ వేరే. బొంగు చికెన్ రేటు విని పిల్లలు వెనక్కొచ్చి ఇడ్లీ తిన్నారు. మ్యూజియం, పద్మాపురం తోట అందరూ చూసినట్టే చూశాం.

రెండో రోజు బొర్రా. జియలాజికల్ సర్వే వెబ్‌సైటు భూకోశ్‌లోని జియాలజీ మ్యాపుని ట్రేసింగ్ పేపర్ మీద దించి టోపోషీట్ మీద పరిచాం. చుట్టూ అంతా ఖోండలైటు అనే రాయి, మధ్యలో సన్నని పట్టీలుగా సున్నపురాయి జాతి రాళ్లు. గుహ సరిగ్గా ఆ పట్టీలో ఉంది, గోస్తని నది గీత దాన్ని ఆనుకునే పోతోంది. సున్నం ఉంది, నీళ్లున్నాయి, గుహ ఏర్పడింది. లోపలికి అడుగు పెట్టకముందే పిల్లలకి సగం కథ అర్థమైపోయింది. లోపల గైడు, 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆయన ఈ గుహ కనిపెట్టాడని చెప్పాడు. బయటికొచ్చాక ఒకమ్మాయి ఫోన్లో చూసి, ఆ సంస్థ మొదలైందే 1851లో కదా మేడం అంది. అవును. అందరూ చెప్పే ఆ తేదీ ఎక్కడో తేడాగా ఉంది. ఆ ప్రశ్న వెయ్యడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

గాలికొండ దారిలో రోడ్డు కోసిన చోట జీపు ఆపించడానికి డ్రైవరుతో గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. పాపం ఆయన తొందర ఆయనది. రాలిపడిన ఖోండలైటు ముక్క చేతిలో పెట్టాను. దానిమ్మ గింజలంత ఎర్రటి గార్నెట్ చుక్కలు, అక్కడక్కడా గ్రాఫైటు మెరుపు. కోందులనే గిరిజనుల పేరు మీదే ఈ రాయికి ఆ పేరు. సింహాచలం కొండా ఇదే రాయి. ఎండకీ వానకీ యుగాల తరబడి నాని, సిలికా కొట్టుకుపోయి అల్యూమినియం మిగిలితే అదే బాక్సైటు. అది ఉండే బల్లపరుపు కొండల్ని మ్యాపులో వెతకమన్నాను. పక్కలంతా గీతలు ఇరుక్కుని, పైన ఖాళీగా బల్లలా ఉన్న కొండలు చూపించారు. మరి ఎందుకు తవ్వలేదు అని అడిగారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో వచ్చిన తీర్పు గురించి అక్కడే నిలబడి చెప్పాను. ఈ బొర్రా చుట్టుపక్కల మైనింగ్ లీజుల మీద మొదలైన కేసే అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ లీజులు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇది ఏ రంగులోనూ మ్యాపు మీద కనపడదు. కానీ ఆ కొండ ఇంకా అలా ఉందంటే ఇలాంటివే కారణం.

ఆ మధ్యాహ్నం సుంకరమెట్ట వైపు దిగాం. అక్కడే నాకూ ఒక పాఠం దొరికింది. నా కలర్ షీట్లో ఆ వాలంతా ఆకుపచ్చ, అంటే అడవి. ఉపగ్రహ చిత్రంలోనూ చెట్లే. లోపలికి నడిస్తే పైన సిల్వర్ ఓక్, దాని కాండానికి అల్లుకున్న మిరియపు తీగ, కింద మనిషెత్తు కాఫీ మొక్కలు. ఒకామె నడుముకి గుడ్డ సంచి కట్టుకుని పండిన ఎర్ర గింజలు మాత్రమే ఏరుతోంది. పచ్చివి ముట్టుకోవట్లేదు. మా వాడొకడు తొందరపడి గుత్తి మొత్తం దూయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "పండిందే తియ్యాలి నాయనా, పచ్చిది కలిస్తే రేటు కొయ్యరా?" అంది. ఇది అడవి భూమా, మీదా అని అడిగాను. "అడివే. మాదే. ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా ఉంది" అంది. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పట్టా అది. కింద మడిచెక్కలో వరి, పక్క మెట్టలో చోళ్లు (రాగులు), అటు పక్క పసుపుపచ్చగా పూసిన వలిసెలనే నూనెగింజల పంట కూడా చూపించింది. ఇన్ని పంటలున్న చోటు మా షీట్లో ఒకే ఒక్క ఆకుపచ్చ మరక.

పిల్లలు గట్టు మీద కూర్చుని చాలాసేపు వాదించుకున్నారు. మ్యాపు తప్పా అని ఒకరు, కాదు, అడవి హద్దు అడవి హద్దే అని ఇంకొకరు. మ్యాపు తప్పు కాదు. పైనుంచి చూసినవాడికి చెట్టు తల కనపడుతుంది, దాని నీడలో బతికే పంట కనపడదు. చివరికి వాళ్లే సూచికలో కొత్త గుర్తు ఒకటి చేర్చారు: ఆకుపచ్చ మీద చిన్న ఎర్ర చుక్క, కాఫీ. ఆమె ఆ చుక్కని చూసి, మా ఊరు ఇంకొంచెం పైకి అని వేలితో దిద్దింది.

రాత్రి గదిలో చలికి దుప్పట్లు కప్పుకుని నీళ్ల దారులు గీయడానికి కూర్చున్నాం. ఇటు వాలు నీళ్లు గోస్తనిలో కలిసి భీమిలి దగ్గర సముద్రం చేరతాయి. దగ్గర దారి, అందరికీ తొందరగానే దొరికింది. పడమటి వాలు ఎటు పోతుందని అడిగాను. జిల్లా మ్యాపు మీద మాచ్‌ఖండ్ నది గీత పట్టుకున్నారు. మాడుగుల కొండల్లో పుట్టి, సముద్రానికి వీపు తిప్పి ఉత్తరంగా ఒడిశా వైపు పోతుంది, డుడుమ దగ్గర జలపాతమై దూకుతుంది, నైరుతికి తిరిగి సీలేరు అవుతుంది.

సీలేరు అనగానే ఇంతసేపూ ఓ మూల కూర్చున్న కుర్రాడు లేచి మ్యాపు దగ్గరికి వచ్చాడు. వాళ్ల నాన్న కౌలు రైతు. దాళ్వా (రబీ వరి) వేళ పొద్దున్నే పేపరు తీసి "సీలేరు నీళ్లు వదిలారా" అని చూడ్డం వాళ్లింట్లో అలవాటట. మాకూ అంతే. మా నాన్న రేడియోలో వినేవారు. సీలేరు ఎక్కడుందని మేం ఒక్కనాడూ అడగలేదు. అది మాకు కాలువలోకి వచ్చే నీటి పేరు, అంతే.

వాడు పెన్సిలుతో మెల్లగా దిగాడు. సీలేరు, శబరి, కూనవరం దగ్గర గోదావరి, పాపికొండలు, ధవళేశ్వరం. అక్కడి నుంచి మ్యాపు అక్కర్లేకపోయింది, కాలువల పేర్లు అందరూ ఒకేసారి చెప్పారు. వాడు మాత్రం మాట్లాడకుండా తన కాగితం అంచుకి ఇంకో తెల్ల కాగితం అతికించి దాని మీద గళ్లు గీస్తున్నాడు. ఏం చేస్తున్నావురా అంటే, ఇక్కడి నుంచి మా చేను దాకా మొత్తం షీట్లు అతికిస్తే ఎన్ని కావాలో చూస్తున్నా మేడం అన్నాడు. ముక్కకి 40 చొప్పున కలర్‌లో ఎంతవుతుందో పక్కనున్న అమ్మాయి లెక్కగడుతోంది.