లేషాన్ బుద్ధుడి జుట్టులో కాలువలు

ఇవాళ ఓ మిత్రుడు పంపిన ఫొటోలో, చైనాలో కొండరాతిని చెక్కి చేసిన లేషాన్ బుద్ధుడి ఛాతీ మీద నల్లటి చారలు. రంగు వెలిసిందా అని అడిగాడు. కాదు, నీళ్లు కారి కారి పట్టిన పాచి.

71 మీటర్ల విగ్రహం. భిక్షువు హైతొంగ్ 713లో మొదలుపెట్టిస్తే 803కి పూర్తయింది. ఎర్ర ఇసుకరాయి కదా, నాని నాని పొరలుగా రాలిపోతుంది.

అందుకే ఉంగరాల జుట్టు 18 వరుసల్లో 4, 9, 18 వరుసల దగ్గర అడ్డంగా కాలువలు పెట్టారు. కింద నుంచి చూస్తే జుట్టు మడతల్లోనే కలిసిపోతాయి! చెవుల వెనకా, వస్త్రం ముడతల్లోనూ ఇలాంటివే. ఎంత ముందుచూపో.

ఒకప్పుడు పైన చెక్క మండపం ఉండేది. అది పోయాక వానంతా నేరుగా రాతి మీదే. కాలువల్లో మట్టి, వేర్లు చేరి పూడితే నీళ్లు పగుళ్లలోకి దిగి ఛాతీ దగ్గర ఊరతాయి.