తాతయ్య రసీదు, ఐర్లాండ్ కౌలు

పెదవాల్తేరులో అమ్మావాళ్ల ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టె అడుగున తాతయ్య శిస్తు రసీదు దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయింది, మూలన నల్లటి వేలిముద్ర. విజయనగరం వైపు జమీందారీ గ్రామంలో రైతు ఆయన. దాన్ని పట్టుకున్నప్పటి నుంచి ఐర్లాండ్ భూచట్టాల చరిత్ర వదలకుండా చదువుతున్నాను. అక్కడి రైతులూ తాతయ్యలాగే భూస్వాములకి డబ్బు కట్టి సాగు చేసినవాళ్లే.

1879లో మైకేల్ డేవిట్ అనే ఉద్యమకారుడి చొరవతో అక్కడ ల్యాండ్ లీగ్ అనే కౌలురైతుల సంఘం పుట్టింది. మరుసటి ఏడాది మేయో కౌంటీలో కెప్టెన్ బాయ్‌కాట్ అనే ఎస్టేట్ ఏజెంటుకి ఊరంతా పని మానేసింది. మనం రోజూ వాడే ‘బాయ్‌కాట్’ ఆయన పేరే! 1881 చట్టం కౌలుదారులకి న్యాయమైన కౌలు, స్థిరమైన హక్కు, ఆ హక్కుని అమ్ముకునే స్వేచ్ఛ ఇచ్చింది. కోర్టు కౌలు నిర్ణయిస్తే 15 ఏళ్లదాకా మార్పు లేదు. కానీ బాకీపడ్డవాళ్లకి ఆ మేలు అందలేదు. అందరికంటే అవసరం వాళ్లకే కదా! 1882లో వాళ్లకోసం ఇంకో చట్టం తేవాల్సొచ్చింది.

1971లో బార్బరా సోలో అనే చరిత్రకారిణి, కౌళ్లు అనుకున్నంత దారుణంగా లేవని లెక్కలతో వాదించారు. ఆ లెక్కల్ని గౌరవిస్తాను. అయితే రేపు ఇంట్లో ఉంటామో లేదో అనే టెన్షన్ సగటు లెక్కల్లో కనబడదు.

మన మద్రాసు ప్రెసిడెన్సీలో జమీందారీ రైతుకి సాగుహక్కుని గట్టిపరిచిన చట్టం 1908లో వచ్చింది. రసీదు మీద తేదీ చెరిగిపోయింది. అది ఆ చట్టానికి ముందుదో తర్వాతదో తెలుసుకోవాలని రోజూ భూతద్దం పెట్టి చూస్తున్నాను.