తీగ వెతుక్కున్న దగ్గరిదారి

నాన్నకు చాలాకాలంగా గుండె దడ. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పైగదులు లయ తప్పి కొట్టుకోవడం అని తేలిన రోజు గుంటూరులో డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. తొడ మొదట్లోని సిర గుండా సన్నటి గొట్టాన్ని గుండెలోకి పంపి, లయ చెడగొడుతున్న చోటును వేడితో కాలుస్తారట. ఆ గొట్టాన్ని ఎవరో తయారుచేయాలి కదా అన్న ఆలోచన అప్పుడు రాలేదు. నాలుగేళ్లకు మినియాపోలిస్ శివార్లలోని ఒక చిన్న కంపెనీలో అదే నా ఉద్యోగమైంది.

ఆ సన్నటి గొట్టాన్నే కేథటర్ అంటారు. మాది 7.5 ఫ్రెంచ్. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు, అంటే లావు 2.5 మిల్లీమీటర్లు. పొడవు 110 సెంటీమీటర్లు. ఎలక్ట్రోడ్ వైర్లు, కొనను చల్లబరిచే సెలైన్ గొట్టం, కొనను వంచే పుల్ వైర్, అన్నీ అందులోనే పట్టాలి.

కొనను వంచడం పెద్ద కష్టం కాలేదు. స్టీలు తీగను కొన దగ్గర ఒక పక్కగా అతికిస్తాం. హ్యాండిల్ మీది నాబ్ తిప్పితే తీగ వెనక్కి లాగుతుంది, కొన ఆ పక్కకు ఒంగుతుంది. ఆరు వారాల్లో మా నమూనా బల్ల మీద కొక్కెంలా వంగింది. వీడియో తీసి అమ్మకు పంపాను.

తర్వాత పంది మీద ప్రయోగం. గుండె లయ చూసే డాక్టరు, ఎలక్ట్రోఫిజియాలజిస్టు, కొన వంచి, కాస్త పక్కకు జరపాలని హ్యాండిల్ తిప్పారు. తెర మీద కొన కదల్లేదు. ఇంకొంచెం తిప్పినా కదల్లేదు. మూడోసారి ఒక్క ఉదుటున గిర్రున తిరిగిపోయింది. "దీన్ని నేను మనిషి గుండెలో పెట్టను" అన్నారాయన. నాకు నాన్నే గుర్తొచ్చాడు. ఎడమ కర్ణిక గోడ చాలాచోట్ల 2, 3 మిల్లీమీటర్లకు మించదు. కొన దాన్ని 10 నుంచి 20 గ్రాముల బలంతో ఆనుకుని ఉండాలి. ఎగిరిపడే కొన ఎంత బలంతో తగులుతుందో ఎవరు చెప్పగలరు?

ఈ ఎగిరిపాటును మా వాళ్లు విప్ అంటారు. చేతి మెలి కొనదాకా అందడం లేదనుకుని గొట్టపు పొడవాటి ఒళ్లు అయిన షాఫ్ట్‌లోని స్టీలు అల్లిక మార్చాం, మరింత దట్టంగా అల్లించాం. మూడు నెలలు పోయాయి. షాఫ్ట్ బిరుసెక్కిందే తప్ప విప్ తగ్గలేదు.

దారి చూపింది అసెంబ్లీలో పనిచేసే ఒక హ్మాంగ్ (ఆగ్నేయాసియా నుంచి వచ్చిన తెగ) పెద్దావిడ. నాబ్ బిగించి, కేథటర్‌ను రెండు చేతుల్లో చుట్టలా పట్టుకుని తిప్పి నా చేతికిచ్చారు. "చూడు, తీగ ఎప్పుడూ చుట్ట లోపలివైపుకే పోతోంది." నేనూ తిప్పి చూశాను. నిజమే. బిగిసిన తీగ దగ్గరిదారి వెతుక్కుంటుంది, వంపులో లోపలి అంచే దగ్గర. రక్తనాళాల్లో షాఫ్ట్ ఎలాగూ వంగే ఉంటుంది. మనం తిప్పుతుంటే తీగ ఆ చోటు వదలదు, వదిలిందంటే మళ్లీ అక్కడికే దూకుతుంది. తప్పు అల్లికలో లేదు.

వెనక భాగమంతా తీగను షాఫ్ట్ నడిమధ్య నుంచి తెచ్చి, వంగే ముందుభాగంలో మాత్రమే పక్కకు మళ్లించాలి. లాగుడుకు షాఫ్ట్ కుదించుకుపోకుండా తీగ చుట్టూ దగ్గరగా చుట్టిన కాయిల్ పెట్టాలి. కానీ నడిమధ్యలో అప్పటికే సెలైన్ గొట్టం ఉంది. దాన్ని పక్కకు నెట్టి సన్నం చేద్దామంటే, లోపలి వ్యాసం పదోవంతు తగ్గినా అదే ఒత్తిడికి ప్రవాహం మూడోవంతు పడిపోతుంది. ప్రవాహం తగ్గితే కొన మీద రక్తం మాడి గడ్డకడుతుంది. చివరికి రంధ్రం అలాగే ఉంచి, పలచటి గోడ ఉన్న పాలీఇమైడ్ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టానికి మారాం.

తర్వాత తీగ పక్కకు మళ్లే చోటే తెగడం మొదలైంది. ఆ మలుపును ఏటవాలుగా సాగదీశాక నిలిచింది. అప్పటినుంచి ప్రతి పరీక్షా 37 డిగ్రీల నీళ్లలోనే చేశాం, ఒంటి వేడికి షాఫ్ట్ ప్లాస్టిక్ పెబాక్స్ మెత్తబడి వంపు మారిపోతుంది. 15 న్యూటన్ల లాగుడు పరీక్ష, స్టెరిలైజేషన్ వంటివి పెద్దగా ఇబ్బంది పెట్టలేదు.

రెండోసారి పంది ప్రయోగంలో డాక్టరుగారు హ్యాండిల్ కొంచెం తిప్పారు. కొన కొంచెమే జరిగింది. వెనక్కి తిప్పారు, వెనక్కి వచ్చింది. చాలాసేపు మాట్లాడకుండా తిప్పుతూనే ఉన్నారు.

ఈసారి వీడియోను మొదట అసెంబ్లీ బల్ల దగ్గరికే తీసుకెళ్లాను. ఆవిడ రెండుసార్లు చూసి, ఆ మలుపు దగ్గర జిగురు ఇంకా ఎక్కువ పడుతోందని చెప్పి మైక్రోస్కోపు నావైపు తిప్పారు.