ఏమీ ఎక్కించని రన్‌లో పీకులు: జీసీతో నా అనుభవం

పత్తిగింజల నూనెలో మైరిస్టిక్ అనే కొవ్వు ఆమ్లం సాధారణంగా 1 శాతం దాటదు. మా రిపోర్టులో 2 దాటింది. నమూనా తెచ్చిన మిల్లు ఆయన ముఖం మాడ్చుకుని, "మేడం, మా నూనె కల్తీ అంటారా?" అని అడిగాడు. నాకు అలా అనిపించలేదు. పామాయిల్ కలిస్తే ముందు పామిటిక్ అనే కొవ్వు ఆమ్లం పెరగాలి, అది మామూలుగా 24 శాతం దగ్గరే ఉంది. కొబ్బరి నూనె కలిస్తే మైరిస్టిక్ కంటే లారిక్ ఎక్కువగా కనిపించాలి, దాని జాడే లేదు. ఇక అనుమానించాల్సింది మా గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌నే (జీసీ). నూనెలోని కొవ్వు ఆమ్లాలను విడదీసి, గీత మీద ఒక్కోదానికి ఒక శిఖరం, అంటే పీకు, చూపించే మిషన్ అది.

వరంగల్ చుట్టుపక్కల పత్తి సీజన్ ఊపందుకుంటే హనుమకొండలోని మా చిన్న ల్యాబులో నూనె సీసాలు పేరుకుపోతాయి. మిషన్ ఆపి కూర్చునే సమయం కాదది. అయినా సిరంజి ముట్టకుండా, ఏమీ ఎక్కించకుండా ప్రోగ్రామ్ నడిపించాను. చదునుగా ఉండాల్సిన గీత మీద పీకులు లేచాయి. అందులో ఒకటి సరిగ్గా మైరిస్టిక్ వచ్చే చోటే.

సర్వీస్ ఇంజినీరుకు ఫోన్ చేస్తే సెప్టం (సిరంజి గుచ్చే రబ్బరు బిళ్ల), లైనర్ (దాని కింది గాజు గొట్టం), కాలమ్ (ఆమ్లాలు విడిపోయే సన్నని పొడవాటి గొట్టం) అన్నీ మార్చేయమన్నాడు. అన్నీ ఒకేసారి మారిస్తే మిషన్ బాగుపడవచ్చు, కానీ తప్పు ఎక్కడుందో తెలియదు. కాలమ్ ఖరీదు మాత్రం ఓనరుకు బాగా తెలుస్తుంది.

దారి చూపింది మా అసిస్టెంటు అమ్మాయి. ఆదివారం సెలవు తర్వాత సోమవారం మొదటి రన్‌లో పీకులు పెద్దవిగా వస్తున్నాయని, వెంటనే ఇంకో రన్ వేస్తే చిన్నవవుతున్నాయని చెప్పింది. అంటే కాలమ్ ఉండే ఓవెన్ చల్లగా ఉన్నంతసేపూ ఏదో కాలమ్ మొదట్లో పోగవుతోంది, వేడెక్కగానే కదిలి బయటికి వస్తోంది. ఓవెన్‌ను 100 డిగ్రీల దగ్గర కాసేపు ఆపి ఒక రన్, రెండు గంటలు ఆపి మరో రన్ వేశాం. ఆగిన సమయాన్ని బట్టే పీకులు పెరిగాయి. సెప్టం రబ్బరు నుంచి వచ్చేదైతే సెప్టం ఉండే ఇంజెక్టర్ వేడి తగ్గిస్తే తగ్గాలి. 250 నుంచి 100కు దించినా అవి అలాగే ఉన్నాయి. మిగిలింది నమూనాను కాలమ్ గుండా మోసుకెళ్లే గ్యాస్.

హీలియం ధర భరించలేక మేము నైట్రోజన్ వాడతాం. సర్టిఫికెట్ ఉన్న కొత్త సిలిండర్ బిగించినా మార్పు లేదు. ఇక గోడకు వరుసగా ఉన్న, గ్యాస్‌లోని మలినాలు పట్టే ట్రాపులు. తేమ పట్టే గాజు ట్రాపులో గింజలు నీలంగానే ఉన్నాయి, దాన్ని చూసే అందరూ నిశ్చింతగా ఉన్నారు. దాని పక్కన హైడ్రోకార్బన్లు పట్టే బొగ్గు ట్రాపు ఇనుప గొట్టం. అది నిండినా రంగు మారదు. ఎప్పుడు మార్చారో రిజిస్టరులో లేదు. కాలమ్ చివర పీకులను నమోదు చేసే ఎఫ్ఐడీ డిటెక్టర్ మంటకు నైట్రోజన్, నీటి ఆవిరి కనిపించవు. కర్బన సమ్మేళనం అణుమాత్రం వచ్చినా పీకు లేపుతుంది.

ట్రాపు మార్చేటప్పుడు గాలి లోపలికి వెళ్తుంది. మాది పోలార్ కాలమ్, వేడి మీద ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది. అందుకే ముందు ఓవెన్ పూర్తిగా చల్లార్చి, కాలమ్ విప్పి పక్కన పెట్టి, కొత్త ట్రాపు గుండా రాత్రంతా గ్యాస్ పారనిచ్చాం. లీకు చూడటానికి సబ్బు నీళ్లు వద్దన్నాను, అవి గొట్టంలోకి పీల్చుకుంటే మరో తలనొప్పి. సిలిండర్ వాల్వు మూసి, చివర బిరడా బిగించి, గేజి ముల్లు కదలకుండా ఉందో లేదో చూస్తే చాలు.

కాలమ్ తిరిగి ఎక్కించడం మాత్రం ఓపిక పని. ముందు ఫెర్రూల్ (నట్టు దగ్గర లీకు ఆపే గ్రాఫైట్ ఉంగరం) తొడిగి, తర్వాతే కొస కొంచెం కత్తిరించాలి. వరుస మారిస్తే ఫెర్రూల్ గ్రాఫైట్ పొడి కాలమ్ లోపలే ఉండిపోతుంది. కోసిన అంచును భూతద్దంలో చూశాను: మొదటిసారి ఓ మూల పలుకు లేచింది, మళ్లీ కోశాను. నట్టు చేత్తో బిగిసినంత బిగించి, పానాతో ఇంకొంచెం తిప్పి వదిలేశాను. బలం చూపిస్తే ఫెర్రూల్ నలిగిపోతుంది.

మర్నాడు ఖాళీ రన్ గీత చదునుగా వచ్చింది. మిల్లు నూనెలో మైరిస్టిక్ 0.8. ఆయన రిపోర్టు ఆ రోజే సవరించి ఇచ్చాం. అంతకుముందు పంపిన రిపోర్టుల నమూనాలు ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ తీసి మళ్లీ నడిపాం. అంకె మారిన చోట ఫోన్ చేసి చెప్పి, కొత్త కాగితం ఫీజు లేకుండా పంపాం. ఓనరుకు అది మాత్రం నచ్చలేదు.