మూడు గ్లాసుల రోజ్ మిల్క్, నలుగురు సాక్షులు

ముందుగా ఒక మనవి. మన బడి పూర్వ విద్యార్థుల సంచికకి రాస్తున్న ఈ వ్యాసంలో నా స్నేహితుల పేర్లు ఉండవు. "మా పేర్లు వేశావంటే మళ్లీ రాజమండ్రి స్టేషన్లో దిగనివ్వం" అని ముగ్గురూ బెదిరించారు. వాళ్లలో ఒకడికి షుగరు. ఆ సంగతి ఇంట్లో తెలుసుగానీ ఆ రోజు వాడు ఏమేం తిన్నాడో తెలియదు. ఇంకొకడు ఆఫీసు పనిమీద కాకినాడ వెళ్తున్నానని ఇంట్లో చెప్పి వచ్చాడు. అందుకని హాజరుపట్టీ నంబర్లే వాడుతున్నాను. 1991 పదో తరగతి బి సెక్షన్ వాళ్లకి 9 ఎవడో, 23 ఎవడో, 41 ఎవడో చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి తెలియకపోయినా నష్టం లేదు. నాది 17.

నేను అహ్మదాబాదు చేరి ఇరవై ఆరేళ్లు. అక్కడ పప్పులో బెల్లం వేస్తారు. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు వెయ్యకపోతే ఏదో తక్కువైనట్టుంటుంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ మాట 9 దగ్గర నోరు జారాను. "వీడి నాలుక పాడైపోయిందిరా, రిపేరు చేయించాలి" అని వాడు అప్పటికప్పుడు తీర్మానించేసి, ముక్కనుమనాడు తెల్లవారుజామున నాలుగున్నరకి మా ఇంటి ముందు హారన్ కొట్టాడు. మా అమ్మ తలుపు తీసి, కారులో ఉన్న మూడు బట్టతలల్నీ చూసి, "ఒరేయ్, కాలవలో ఈతకి మాత్రం దిగకండి" అంది. ముప్పై ఏళ్ల కింద చెప్పిన మాటే.

ధవళేశ్వరం దగ్గర బ్యారేజి ఎక్కేసరికి మంచు. ఎడమా కుడీ ఏమీ లేదు, తెల్లగా దూది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిందని సోషల్ మాస్టారు మన చేత పదిసార్లు రాయించిన ముక్క నాకు నోటికొచ్చేసింది. "అది పాత ఆనకట్ట. నువ్వు ఇప్పుడు వెళ్తున్నది దాని తర్వాత కట్టిన బ్యారేజి" అని 23 దిద్దాడు. బడిలోనూ వాడింతే. పక్కవాడు చెప్పిన జవాబు ఒప్పైనా సరే, ఒకసారి దిద్దందే ఊరుకోడు.

బొబ్బర్లంక, రావులపాలెం, కొత్తపేట. ఎక్కడా ఆగలేదు. అంబాజీపేటలో పొట్టిక్కలు దిగే వేళకి అందుకోవాలని 9 పంతం. పొట్టిక్కలంటే తెలియనివాళ్లు ఈ సంచిక చదివేవాళ్లలో ఉంటారనుకోను. ఉంటే, మీరు కొన్నాళ్లే మన బళ్లో చదివుంటారు. నాలుగు పనసాకులు చుట్టూ చేర్చి, చిన్న చిన్న ఈనె ముక్కలు గుచ్చి బుట్టలా కుడతారు. దాన్నిండా ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు. దించేసరికి పచ్చటి ఆకు ముదురు రంగుకి తిరుగుతుంది. ఈనె ముక్కలు లాగి ఆకు ఒలిస్తే, లోపలి ఇడ్లీ మీద ఆకు ఈనెలన్నీ అచ్చు గుద్దినట్టు కనపడతాయి. కొబ్బరికాయల వ్యాపారానికి పేరు పడ్డ ఊరు కాబట్టి కొబ్బరి చట్నీ దగ్గర పిసినారితనం లేదు.

41 ఒకటి తిని, "ఇడ్లీయే కదరా. దీనికి అరవై కిలోమీటర్లా?" అన్నాడు. తర్వాత ఇంకో మూడు తిన్నాడు. నేను మొదటి దానికి చట్నీ తగలనివ్వలేదు. పనసాకు వాసన ఆవిరిలో ఉన్నంతసేపే ఉంటుంది, చల్లారితే పోతుంది. ఆ వాసన కోసం వట్టిదే తినాలి. ఇది నా అభిప్రాయం, 23 ఒప్పుకోడు.

తిరుగుదారిలో రోడ్డు పక్కన ఒకామె తేగలు కట్టలు కట్టి అమ్ముతుంటే కారాపాం. 9 అసలు అవే తినాలట, డాక్టరు చెప్పాడట. తేగలు తినమని డాక్టరు చెప్పడం మేమెవరం వినలేదుగానీ వాదించలేదు. వాడు కట్ట ఒళ్లో పెట్టుకుని, పీచు తీస్తూ, లోపల చందమామ అనే లేత మొలక చీలుస్తూ, ఆత్రేయపురం దాకా కారంతా చెత్త చేశాడు.

ఆత్రేయపురంలో ఇంత సేపు ఉంటామని అనుకోలేదు. రోడ్డు మీద కొట్లు బోలెడు. పూతరేకులకి 2023లో ఈ ఊరి సొత్తేనని చెప్పే జీఐ గుర్తింపు వచ్చాక బోర్డులు మరింత పెద్దవయ్యాయని 23 చెప్పాడు. చాక్లెట్ పూతరేకు కూడా ఉంది. ఎవరి పాపం వాళ్లది. మేం కొనడానికి కాదు, తియ్యడం చూడ్డానికి వెళ్లాం. 41కి తెలిసినవాళ్ల ద్వారా ఒక ఇంటి వెనక వసారాలోకి వెళ్లాం.

ఇంత కుండ, బోర్లించినట్టు పెట్టి ఉంది. కింద ఎండు కొబ్బరాకుల మంట. కుండ వీపు అద్దంలా నున్నగా ఉంది. ఆవిడ పక్కన బియ్యప్పిండి పాలలా పల్చగా కలిపిన గిన్నె, అందులో తెల్ల గుడ్డ. గుడ్డని రెండు చేతులతో చాచి పట్టుకుని, పిండిలో ముంచి, కుండ మీద ఒక్కసారి అలా వేసి ఇలా లాగేస్తుంది. 'సుయ్' మని చప్పుడు. కుండ మీద ఏమీ లేదే అనుకునేలోపు అంచు లేస్తుంది. దాన్ని వేళ్లతో తీసి పక్కన పెడుతుంది. అది రేకు. దానవతల నా చెయ్యి పెడితే గీతలతో సహా కనపడింది. నేను లెక్కపెట్టాను. గుడ్డ వెయ్యడం నుంచి రేకు తియ్యడం దాకా అయిదు అంకెలు దాటలేదు. ఎప్పుడు మంట ఎగదొయ్యాలో చూసుకుంటూనే మాతో మాట్లాడుతోంది, చెయ్యి మాత్రం ఆగదు.

"చెయ్యి కాలదా పిన్నిగారూ?" అన్నాను.

"కాలిందండి, నేర్సుకునేటప్పుడు. ఇప్పుడు కాలతాకి ఆ వేళ్లకి తెలివిడుంటే గదండి."

నన్నూ ఒకటి వెయ్యమంది. గుడ్డ ముంచాను. ఆవిడ వేస్తే నీడ పడ్డంత తేలిగ్గా పడింది, నేను వేస్తే తడి తువ్వాలు గోడకేసి కొట్టినట్టు పడింది. ఒకవైపు మందంగా, ఇంకోవైపు చిల్లులు. అంచు దొరకబుచ్చుకుందామని వేలు పెట్టి, "అమ్మో" అని అరిచి, వేలు నోట్లో పెట్టుకున్నాను. ఆవిడ నవ్వకుండా నా రేకు గీకి తీసేసి, "మీకు మరి అలవాటు లేదు గదండీ" అంది. వెనక నుంచి 41, "వీడికి బళ్లో డ్రాయింగులోనూ ఇంతేనండి" అన్నాడు. అది అనవసరం.

చుట్టడం మరో గదిలో. రెండు రేకుల్ని తడిగుడ్డతో కాస్త మెత్తబరచి, నెయ్యి రాసి, పంచదార పొడి జల్లి, ఇంకో రేకు వేసి మడత పెడతారు. బెల్లంవి వేరే. నోట్లో పెట్టుకుంటే మొదట కాగితంలా ఉంటుంది. ఆ తర్వాత కాగితం ఏమైందో తెలీదు, నెయ్యీ తీపీ మిగులుతాయి. నేను బెల్లంవి తీసుకున్నాను. "చూశారా, పప్పులో బెల్లం అలవాటు" అంది 9 నోరు. ఆ నోట్లోనే అప్పటికి రెండు పంచదార పూతరేకులున్నాయి. మేం చూడలేదు.

మధ్యాహ్నం తిరిగి రాజమండ్రి వచ్చాక కాఫీ కావాల్సొచ్చింది. దానవాయిపేటలో కొత్తగా పెట్టిన కాఫీ షాపులోకి వెళ్లమని 41 కూతురు ఫోన్లో చెప్పింది. గోడకి సైకిల్ చక్రం తగిలించారు. మనం రోజూ తొక్కి పంచర్లు వేయించుకున్న సామాను ఇప్పుడు అలంకారం! మెనూ కార్డు లేదు, బల్ల మీద గళ్ల బొమ్మని ఫోనుతో చూడాలి. నలుగురం నాలుగు కళ్లజోళ్లు వెతుక్కుని చూశాం. కాఫీ మీద నురగతో ఆకు బొమ్మ వేసి తెచ్చారు. 23 దాన్ని చెంచాతో కలపడానికి మనసొప్పక, చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. బాగానే ఉంది, చేదుగా. దాని గురించి ఇంకా రాయడానికి ఏమీ లేదు.

కప్పులు తెచ్చిన కుర్రాడి గురించి మాత్రం రాయాలి. మా కబుర్లు చెవిన పడి, "అంకుల్, మీరు మా స్కూలా?" అన్నాడు. మొన్నమొన్నే పదో తరగతి పూర్తిచేసి ఇంటర్ చదువుతున్నాడట, సెలవుల్లో ఇక్కడ పని. 41 హుషారుగా లేచి, "మేం బి సెక్షన్!" అన్నాడు, అదేదో పరమవీర చక్రలాగ. "మాకు సెక్షన్లు లేవండి. అందరం కలిపి ఒకటే" అన్నాడు కుర్రాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ తర్వాత 23 అడిగాడు, ఇప్పుడు మీరు తినడానికి ఎక్కడికి వెళ్తారు బాబూ అని. "కోటగుమ్మం అండి. రోజ్ మిల్క్. ఇంకెక్కడికెళ్తాం?"

ఇలాంటి సంచికల్లో అందరూ 'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టి నోరూరించేస్తారు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో మనం ఏం తిన్నాం? గేటు బయట ఉప్పూ కారం అద్దిన జామకాయ, రేగుపళ్లు, పుల్ల ఐసు. పొట్టిక్కలు పెళ్లిళ్లకి వెళ్తే, పూతరేకులు ఎవరైనా తెస్తే. హోటల్లో కూర్చుని తినడమంటే నాన్నగారు వెంట ఉండాలి. మనకున్నది వాసన. కోటగుమ్మం మీదుగా సైకిలు మీద పోతూ చూసింది గులాబీరంగు గ్లాసులు. 1950 నుంచి ఉన్న కొట్టు, మన నాన్నలు కూడా దాన్ని చూసుకుంటూ పోయినవాళ్లే.

అందుకే ఆ ఒక్కసారి తాగడం నలుగురికీ గుర్తుంది. సోషల్ రెండో పేపరు రాసి, పదో తరగతి అయిపోయిందని సైకిళ్లు తీసి, పుష్కర ఘాట్‌కి వెళ్లి, హేవలాక్ వంతెన మీద రైలు పోయేదాకా కూర్చున్నాం. (1900లో తెరిచిన ఆ వంతెన మీద 1997లో రైళ్లు ఆపేశారు. మన తర్వాతి బ్యాచ్‌లు కొన్నే దానిమీద రైలు చూసుంటాయి.) తర్వాత అందరి జేబులూ దులిపితే మూడు గ్లాసులకి సరిపడా చిల్లర తేలింది. గ్లాసు ఎంతో ఎవరికీ గుర్తు లేదు, మూడే అన్నది మాత్రం ఖాయం. ఒకడు సైకిళ్ల దగ్గర ఉండిపోయాడు.

ఆ ఒకణ్ణి నేనే. ఇన్నేళ్లూ నేనలాగే అనుకున్నాను, మా ఆవిడకి కూడా అలాగే చెప్పాను. కొట్టు ముందు కారాపి, "ఆ రోజు నేను తాగలేదు కదా, ఇవాళ నాకు రెండు" అన్నాను.

"నువ్వెందుకు తాగలేదు? తాగనిది నేను" అన్నాడు 9.

"నా సైకిలుకి తాళం లేదు. అందుకని నేనే ఉన్నాను" అన్నాడు 23.

"మీ ముగ్గురూ తాగారు. నా చొక్కా మీద మరక పడితే మా అమ్మ తిట్టింది కూడా" అన్నాడు 41.

"తాగకపోతే మరక ఎలా పడింది రా?"

"మీరు గ్లాసు ఊపుకుంటూ బయటికొచ్చి పోశారు!"

నాకు కళ్లకి కట్టినట్టుంది. కొట్టు ముందు ముగ్గురు, నావైపు వీపులు, తెల్ల చొక్కాలు చెమటకి అతుక్కుని ఉన్నాయి. ఇదే మాట చెప్పాను. 9 మొహం అదోలా పెట్టి, "నాకూ అదే గుర్తుంది. మూడు వీపులు" అన్నాడు. 23 వేళ్లు మడిచి లెక్కవేసి, "అయితే నలుగురం బయటే ఉంటే లోపల తాగినవాళ్లెవర్రా?" అన్నాడు. పరీక్షల గదిలో కూడా వాణ్ణి అంత దిగాలుగా చూడలేదు.

వెనక లైను పెరిగింది. ఎవరో పెద్దాయన, "తేల్చండి బాబూ, ఎన్ని?" అన్నాడు.

9 తేల్చాడు. "మూడు తీసుకోండిరా. పొద్దున్న నుంచి తిన్నది చాలు, మా ఆవిడకి మొహం చూపించాలి" అని కారు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

మేం ముగ్గురం తాగాం. చల్లగా, చిక్కగా, పైన కోవా. తీపి ఎక్కువ. పాత రుచే ఉందా అని నన్నడిగితే, పాత రుచి చూసినవాణ్ణి అవునో కాదో ముందు తేలాలి కదా.

అంతలో నా జేబులో ఫోను మోగింది. 9 గ్రూపులో ఫోటో పెట్టాడు. కొట్టు ముందు ముగ్గురు, వాడివైపు వీపులు. కింద 'సాక్ష్యం' అని రాశాడు. ఆ ఫోటో ఈ వ్యాసంతో పంపుతున్నాను. వేస్తారో లేదో సంపాదకుల ఇష్టం. మొహాలు కనపడవు కాబట్టి పేర్ల గొడవ లేదు.